గడ్డి మీద పట్టు దొరకాలి

అన్నంలో ఉన్నదీ గ్లూకోజే, వరిగడ్డిలోని సెల్యులోజ్‌లో ఉన్నదీ గ్లూకోజే. కానీ అన్నం మనకి గంటల్లో అరిగిపోతుంది. గడ్డి అరగాలంటే గేదె కావాలి, దాని పొట్టలోని సూక్ష్మజీవులూ కావాలి. తేడా అంతా గ్లూకోజులు ముడిపడ్డ తీరులోనే ఉంది. సెల్యులోజ్ గొలుసులు తిన్నగా సాగి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అందుకే అది నీళ్లలో కరగదు.

మన క్లాసులో ఎంజైమ్ అనగానే మైకేలిస్-మెంటెన్ సమీకరణం రాసేస్తాం. 1913లో వాళ్లిద్దరూ ప్రయోగం చేసింది నీళ్లలో కరిగిన చక్కెర మీద. అక్కడ చక్కెర అణువు ఈదుకుంటూ ఎంజైమ్ దగ్గరికి వస్తుంది. గడ్డి రాదు కదా! ఎంజైమే వెళ్లి దాని మీద వాలాలి. కొయ్యడం తర్వాతి మాట, ముందు పట్టు దొరకాలి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలను పాడుచేసిన బూజు ట్రైకోడెర్మా రీసై. దాని ముఖ్యమైన ఎంజైమ్‌లో రెండు భాగాలుంటాయి. సుమారు 36 అమైనో ఆమ్లాల చిన్న భాగం సెల్యులోజ్ మీద అతుక్కుంటుంది. పెద్ద భాగంలో ఒక సొరంగం ఉంటుంది. గొలుసు కొసని అందులోకి లాక్కుని, రెండేసి గ్లూకోజుల చొప్పున కోస్తూ ముందుకు పోతుంది.

పట్టు గట్టిగా ఉంటే చాలా? చాలదు. దారిలో అడ్డు తగిలితే వదల్లేక అక్కడే ఇరుక్కుంటుంది. గడ్డిలోని లిగ్నిన్‌కీ అతుక్కుని వృథా అవుతుంది. అలా వృథా అయిన కొద్దీ ఎంజైమ్ ఖర్చు పెరుగుతుంది.

ఇది పుస్తకాల గొడవ మాత్రమే కాదు. పానిపట్‌లో 2022లో ప్రారంభించిన ప్లాంటు లక్ష్యం ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్. మన పల్లెల్లోనూ కోత మిషన్ వెళ్లాక గడ్డి తగలబెడుతున్నారు. రైతుని తప్పుపడుతూ పోస్టర్లు వెయ్యడం తేలిక. ఆ గడ్డిని చవగ్గా విడగొట్టే దారి చూపించాల్సింది ఇంజనీర్లు, అంటే రేపటి మనమే.

అందుకే నా మాట ఇది: ల్యాబ్‌లో ఏటా స్టార్చ్ మీద అమైలేజ్ ప్రయోగం చేస్తూనే ఉన్నాం. దాని పక్కనే 50 మిల్లీగ్రాముల ఫిల్టర్ పేపర్ ముక్క మీద సెల్యులేజ్ వేసి చూద్దాం. సెల్యులేజ్ బలాన్ని కొలిచే ప్రామాణిక పరీక్ష అదే. కరిగేదానికీ కరగనిదానికీ తేడా బోర్డు మీద కన్నా ఆ టెస్ట్‌ట్యూబులోనే బాగా అర్థమవుతుంది.