రెండో డిస్కు బ్యాకప్ కాదు

ఒకే డేటాను రెండు డిస్కుల మీద ఏకకాలంలో రాసే పద్ధతిని మిర్రరింగ్ అంటారు. 1988లో బర్క్‌లీ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రం పలు డిస్కులను కలిపి వాడే 'రెయిడ్' పద్ధతులను వర్గీకరించినప్పుడు దీన్ని మొదటి స్థాయిగా పేర్కొంది. ఒక డిస్కు చెడిపోయినా రెండోదానితో పని నడిచిపోతుంది. ఈ మేలును ఎవరూ కాదనలేరు. దీన్ని బ్యాకప్ అనుకోవడంలోనే ఉంది ప్రమాదం. పొరపాటున ఫైలు చెరిపేస్తే రెండో డిస్కులోనూ ఆ క్షణానే చెరిగిపోతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే రెండు చోట్లా పడుతుంది. అద్దంలో కనిపించేది ఇప్పటి ముఖమే. డేటా పోగొట్టుకున్నవారికి కావలసింది నిన్నటిది.

అమెరికాలో జర్నల్‌స్పేస్ అనే సంస్థ వేలమంది రాతలను ఏళ్ల తరబడి భద్రపరిచింది. అది నమ్ముకున్నది మిర్రరింగ్‌నే. 2008 చివర్లో ఆ రాతలున్న డేటాబేస్ మీద మరేదో రాసుకుపోయింది. డిస్కులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి, డేటా మాత్రం లేదు. నిపుణులూ తిరిగి తేలేకపోయారు. కొద్దిరోజులకే సంస్థ మూతపడింది. డిస్కు పాడవడమొక్కటే ముప్పు అనుకున్నందుకు అన్నీ పోయాయి. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసే వానాక్రై వైరస్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటి దాడికి డిస్కులు ఎన్ని ఉన్నాయన్నది లెక్కే కాదు. విడిగా తీసి పెట్టిన పాత నకలు ఉందా లేదా అన్నదే లెక్క.

రాత్రి తీసిన బ్యాకప్‌లో పగలు చేసిన పని ఉండదు కదా అంటారు. నిజమే. అందుకే క్షణం ఆగకూడని ఆస్పత్రికి, బ్యాంకుకు మిర్రరింగ్, బ్యాకప్ రెండూ ఉండాలి. ఒకదానికే డబ్బున్న ఇంటికి, చిన్న దుకాణానికి మాత్రం ఒక రోజు పని పోవడం కన్నా పదేళ్ల లెక్కలు పోవడమే పెద్ద నష్టం. ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది: బ్యాకప్ మాత్రం పనిచేస్తుందని నమ్మకమేమిటి? 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు అసలు డేటాబేస్‌ను పొరపాటున చెరిపేశారు. బ్యాకప్, నకళ్ల కోసం పెట్టుకున్న ఐదు పద్ధతుల్లో ఒక్కటీ సరిగా పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. రోజువారీ బ్యాకప్ కొంతకాలంగా విఫలమవుతున్నా ఎవరికీ కబురందలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన నకలే వారిని కాపాడింది. దీన్నిబట్టి బ్యాకప్ దండగ అనుకోవడం తప్పు. తిరిగి తెరిచి చూడనిదాన్ని బ్యాకప్ అనకూడదు, అంతే. రెండో డిస్కు కొనే స్తోమతే ఉంటే దాన్ని కంప్యూటర్ లోపల బిగించకండి. బయటి డిస్కుగా కొని, నకలు తీశాక వైరు పీకి బీరువాలో పెట్టండి. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు తెచ్చి, తెరుచుకుంటోందో లేదో చూడండి.