విండోస్ వద్దంటే... డబ్బు వాపసిస్తారా?

అనంతపురం జిల్లా నార్పల వైపు ఓ పల్లె. అక్కడి రైతు ఒకరు కూతుర్ని ఇంజినీరింగులో చేర్పించి, వేరుశనగ అమ్మిన డబ్బుతో ల్యాప్‌టాప్ కొనడానికి టౌనుకు వచ్చారనుకోండి. కొట్టులో బిల్లు చేతికిస్తారు. అందులో ఉండేది ఒకటే అంకె. యంత్రం ధరెంతో, అందులో ముందే వేసిచ్చిన విండోస్ ధరెంతో ఎక్కడా కనిపించదు. 'మా సీనియర్లు లినక్స్ వాడతారు, అది ఉచితమే. మనకు విండోస్ ఎందుకు నాన్నా?' అని ఆ అమ్మాయి అడిగితే కొట్టతను నవ్వేస్తాడు. 'అది దాంతోనే వస్తాదిమ్మా, తీసేకి కాదు!'

ఈ మాట రైతుకు కొత్తేమీ కాదు. యూరియా బస్తా అడిగితే అక్కర్లేని మరో డబ్బా అంటగట్టడం, గ్యాస్ కనెక్షన్‌కు వెళితే స్టవ్వూ ఇక్కడే కొనాలనడం... ఊళ్లలో వీటిని 'లింకు' అమ్మకాలంటారు. కంప్యూటర్‌లో ఆ లింకు కంటికి కనిపించదు. తేడా అంతే.

మరి వద్దన్న సాఫ్ట్‌వేర్‌కు డబ్బు తిరిగి వస్తుందా? ఈ ప్రశ్న పాతదే. 1999 ఫిబ్రవరి 15న అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు కంప్యూటర్ వాడకందార్లు విండోస్ వాపసు తీసుకోమంటూ మైక్రోసాఫ్ట్ కార్యాలయానికి వెళ్లారు. లైసెన్సు ఒప్పందంలో ఉన్న ఒక్క వాక్యమే వాళ్ల ధీమా. ఈ షరతులు నచ్చకపోతే వాడకండి, వాపసు కోసం కంప్యూటర్ తయారీదారును సంప్రదించండి అన్నది దాని సారాంశం. మైక్రోసాఫ్ట్ మాత్రం మీరు వెళ్లాల్సింది తయారీదారు దగ్గరికేనంటూ పంపేసింది.

తర్వాత కథ కోర్టులకెక్కింది. కొన్నవారు ఒప్పందానికి అంగీకరించకపోతే విండోస్ సొమ్ము తిరిగి ఇవ్వాల్సిందేనని 2014లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం హెచ్‌పీ కేసులో తేల్చింది. అదే దేశంలో మరొకాయన తన కొత్త ల్యాప్‌టాప్‌లోని విండోస్‌కు 42 యూరోలు ఇవ్వమని లెనోవోను అడిగారు. కంపెనీ పట్టు విడవలేదు. చివరికి ఆ 42 యూరోలతో పాటు 20,000 యూరోల పరిహారం కూడా చెల్లించాలని 2020లో మోంజా కోర్టు ఆదేశించింది.

42 యూరోలంటే అప్పటి లెక్కన మూడున్నర వేల రూపాయల పైమాటే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తంలో మొదట ప్రారంభమైంది ఈ నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2025-26లో ఆ పథకం కింద రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. ఆ లెక్కన 42 యూరోలు పన్నెండు రోజుల మట్టిపనితో సమానం! చిన్న మొత్తమని వదిలేయడానికి మనసొప్పుతుందా?

అయితే నాణేనికి రెండోవైపూ ఉంది. ముందే సాఫ్ట్‌వేర్ వేసి అమ్మడం దానంతటదే అన్యాయం కాదని, దేనికెంత ధరో విడగొట్టి చెప్పకపోవడమూ మోసం కాదని 2016లో ఐరోపా న్యాయస్థానం సోనీ కేసులో చెప్పింది. అక్కడ కంపెనీ మొత్తం కంప్యూటరే వెనక్కిచ్చి డబ్బంతా తీసుకెళ్లమంది. ఇప్పటి విండోస్ ఒప్పందం కూడా వాపసును తయారీదారు నిబంధనలకే వదిలేసింది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, యంత్రం మొత్తం తిరిగివ్వాల్సి రావచ్చని అందులోనే ఉంది. అంటే కొన్నాక పోట్లాడటం కంటే, కొనకముందు అడగడమే తేలిక.

అసలు అవసరమా? సివిల్, మెకానికల్ విద్యార్థులు వాడే ఆటోక్యాడ్ లాంటివి లినక్స్‌కు దొరకవు. ముందు కాలేజీలో కనుక్కోండి. విండోస్ అక్కర్లేదనుకుంటే డాస్‌తోనో, ఉబుంటుతోనో వచ్చే మోడళ్లు అడగండి. 'డాస్‌ది తీసుకోండి, విండోస్ మేం ఫ్రీగా వేసిస్తాం' అంటే మాత్రం ఒప్పుకోవద్దు. అది దొంగ కాపీ. తెలిసి వాడితే కాపీరైట్ చట్టం ప్రకారం నేరం.

ఎవరు నొక్కుతున్నారు? చాలా కొట్లలో మర్యాదకు వాళ్లే కంప్యూటర్ ఆన్ చేసి, అన్నిటికీ 'అంగీకరిస్తున్నాను' నొక్కి ఇస్తారు. అక్కడే ఆపండి. ఆ మీట నొక్కితే ఒప్పుకున్నట్టే. నొక్కకుండా ఆ తెర ఫొటో తీసి, బిల్లు నకలు, సీరియల్ నంబరు జతచేసి వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా పంపండి. జవాబు దాచుకోండి.

దేనికి అడగాలి? నెల రోజుల యాంటీ వైరస్ లాంటి 'ట్రయల్' సరుకుకు మీరు డబ్బు కట్టలేదు. వాటిని తీసేస్తే సరిపోతుంది. వాపసు అడగాల్సింది విండోస్‌కూ, ధరలో కలిపిచ్చిన ఆఫీస్ లాంటి వాటికే.

వినకపోతే? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఒక వస్తువు కావాలంటే మరొకటి కొని తీరాలనే షరతును 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. కంపెనీ బెంగళూరులో ఉన్నా మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కొన్న సరుకు విలువ అయిదు లక్షల దాకా ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. గెలుపు ఖాయమని మాత్రం అనుకోవద్దు. విండోస్ లేని మోడల్ పక్కనే దొరుకుతోంది కదా అని కంపెనీ వాదిస్తుంది.

బోరు వేయించే ముందు పాయింటు చూపించుకునే జిల్లా ఇది. వేశాక బాధపడి లాభం లేదని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్ బిల్లు కట్టేముందు కూడా ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు... 'ఇందులో విండోస్ లేనిది ఎంతకిస్తారు?'