జేరూ జబరూ మాకెందుకు చెప్పలేదు?

'అరబ్బీ వ్యాకరణం రాని ఆడవాళ్లు ఖురాన్ గురించి మాట్లాడకూడదు.' ఈ మాట పెళ్లిళ్లలో విన్నాను, సభల్లో విన్నాను, ట్రిపుల్ తలాక్ మీద చర్చలు జరిగిన రోజుల్లోనైతే పూటకోసారి విన్నాను. నాకు చెప్పినవాళ్లంతా మగవాళ్లే. సరే, రాదు. ఎందుకు రాదో కాస్త మాట్లాడుకుందాం.

ఏడేళ్లప్పుడు మా వీధి మసీదు వెనక గదిలో మాకు ఖురాన్ చదవడం నేర్పారు. అక్షరం పైన గీత ఉంటే జబర్, కింద ఉంటే జేర్, పైన కొక్కెంలా ఉంటే పేష్. 'అలిఫ్ జబర్ అ, అలిఫ్ జేర్ ఇ, అలిఫ్ పేష్ ఉ' అని గొంతు చించుకునేవాళ్లం. జబర్‌ని జేర్‌గా చదివితే అరచేతి మీద బెత్తం పడేది. ఇక్కడ జబర్ ఎందుకుందని ఒకసారి అడిగాను. 'అల్లా పెట్టాడు, చదువు' అన్నారు ఉస్తాద్. తొలినాటి ఖురాన్ ప్రతుల్లో ఈ గుర్తులు లేవనీ, చదవడంలో తప్పులు పెరుగుతుంటే మనుషులే తర్వాత పెట్టారనీ ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు. రెండో దెబ్బ మాత్రం గుర్తుంది.

మాటల చివర వచ్చే ఆ జేరూ జబరూ పేషూ విభక్తులని నాకు నలభై దాటాక తెలిసింది. మనం 'అమ్మాయి, అమ్మాయిని, అమ్మాయి యొక్క' అంటాం. అరబ్బీలో నామం చివరి అచ్చు మారుతుంది: బిన్తున్, బిన్తన్, బిన్తిన్. పని చేసేదెవరు, ఎవరి మీద చేస్తున్నారు, ఎవరిది ఏది అన్నదంతా ఆ చివరి అచ్చులో ఉంటుంది. దీన్నే ఏరాబ్ అంటారు. ఆ మాట మా ఇళ్లలో అందరికీ తెలుసు, కానీ అక్షరాల పైనా కిందా ఉండే గుర్తులనే అనుకుంటాం. అంటే మా అమ్మ అరవై ఏళ్లుగా రోజూ ఫజర్ తర్వాత ఒక్క పొల్లు పోకుండా వ్యాకరణం పలుకుతోంది. అది వ్యాకరణమని మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఈ శాస్త్రం ఎలా పుట్టిందో చెప్పే కథ ఒకటుంది. ఏడో శతాబ్దంలో బస్రాలో అబుల్ అస్వద్ దుఅలీ అనే పండితుడు. ఒక రాత్రి ఆయన కూతురు ఆకాశం చూసి 'మా అహ్‌సనుస్ సమాఇ' అందట. ఆకాశం ఎంత అందంగా ఉందో అనాలనుకుంది పాపం. చివరి అచ్చులు అలా పడేసరికి అది 'ఆకాశంలో అన్నిటికన్నా అందమైనదేది?' అనే ప్రశ్నయింది. 'నక్షత్రాలు' అన్నాడు తండ్రి. 'నేను అడగలేదు నాన్నా, ఆశ్చర్యపోయాను' అంది. 'అయితే మా అహ్‌సనస్ సమాఅ అనాలి' అని దిద్ది, ఆ తర్వాత నియమాలు కూర్చడం మొదలుపెట్టాడట. కథ నిజం కాకపోవచ్చు. కానీ ఇన్ని వందల ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. తప్పు కూతురిది, శాస్త్రం తండ్రిది. నేను చదివిన చోట ఆ అమ్మాయి పేరు కూడా లేదు. ఆకాశం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇక అసలు కోపం దగ్గరికొస్తాను. బఖరా సూరా 229వ ఆయత్‌లో 'అత్తలాఖు మర్రతాని' అని ఉంది. తలాఖ్‌కి పేష్, అది వాక్యానికి కర్త. మర్రతున్ అంటే ఒకసారి. చివర 'ఆని' చేరితే రెండుసార్లు. మిగతా విభక్తుల్లోనైతే ఇదే మర్రతైని అవుతుంది. సంస్కృతం చదువుకున్నవాళ్లకి ద్వివచనం గుర్తొస్తుంది. తలాక్ రెండుసార్లు, ఆ తర్వాత మర్యాదగా ఉంచుకోవడమో, మంచిగా పంపెయ్యడమో. 'సారి' అంటే ఒక సందర్భం కదా, ఒకే ఊపిరిలో మూడుసార్లు అరిస్తే మూడు సందర్భాలు ఎలా అవుతాయని ఈ మాట పట్టుకుని వాదించిన పండితులున్నారు. సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న, ఇద్దరు కాదన్నా ముగ్గురు న్యాయమూర్తుల మాటతో, ఆ తలాక్ చెల్లదంది. అంతకు చాలా ముందు మా వీధిలో ఒకామెకి పోస్టుకార్డు మీద మూడు తలాకులొచ్చాయి. ప్రతి రంజాన్‌లో ఖురాన్ పూర్తి చేసే మనిషి. ఆ ఆయత్ దగ్గర ఆగి, ఆ దీర్ఘాన్ని సాగదీసి ఎంత బాగా చదివేదో! తన బతుకుకి సంబంధించిన మాట తన నోట్లోనే ఉందని ఆమెకి చెప్పినవాళ్లు లేరు.

వ్యాకరణం వస్తే న్యాయం దానంతటదే నడిచొస్తుందని నేననడం లేదు. నాలుగు సున్నీ మజ్‌హబ్‌ల పెద్దలకి వ్యాకరణం రాదా? మూడూ ఒకేసారి అన్నా చెల్లుతాయనే చెప్పారు. ఇబ్న్ తైమియా ఒకటిగానే లెక్కించాలన్నాడు. ఇద్దరూ చదివింది అదే మర్రతాని. తేల్చింది ప్రత్యయం కాదు, పుస్తకం ముందు కూర్చున్నది ఎవరన్నది. వుజూలో కాళ్లు కడగాలా తడిచేత్తో తుడవాలా అని, అర్జులకుమ్ అనే జబర్ మీదా అర్జులికుమ్ అనే జేర్ మీదా సున్నీలూ షియాలూ శతాబ్దాలు వాదించుకున్నారు. కాళ్లకి దొరికిన ఆ శ్రద్ధ మాకు దొరకలేదు.

ఒళ్లు మండిన చోటు ఇంకొకటుంది. ముహమ్మద్ పేరు మూడు విభక్తుల్లో మూడు రకాలు: ముహమ్మదున్, ముహమ్మదన్, ముహమ్మదిన్. జైనబ్‌కి రెండే: జైనబు, జైనబ. చివర నకారం లేదు, మూడో విభక్తిలో జేర్ రాదు. ఫాతిమా, మర్యమ్, ఆయిషా, అందరిదీ ఇదే వరస. ఆ నకారం నామానికి పూర్తి స్థిరత్వం ఉందనడానికి గుర్తట. మరి వీళ్లకెందుకు లేదు? పుంలింగం మూలం, స్త్రీలింగం దాని కొమ్మ అని ఎనిమిదో శతాబ్దపు సీబవైహి కాలం నుంచీ చెబుతున్నారు. సొంత పేరు కావడం ఒక ఇల్లత్, ఆడది కావడం రెండో ఇల్లత్. ఇల్లత్ అంటే కారణమనీ రోగమనీ రెండర్థాలూ ఉన్నాయి. ఇబ్రాహీమ్, యూసుఫ్ కూడా ఈ జాబితాలోనే ఉన్నారు, పరాయి భాషల పేర్లు కాబట్టి. తల్హా మగవాడే, అయినా పేరు చివర ఆడగుర్తు ఉంది గనక ఇక్కడికే వచ్చాడు. అరబ్బులు అలా పలకడం వాళ్ల భాష తీరు. అలా ఎందుకు పలికారో కారణాలు కట్టింది పండితులు. నా తగువు ఆ కారణాలతో.

తెలుగువాళ్లం నవ్వుకోనక్కర్లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మగవాడు మహత్తు. ఆడమనిషి ఒంటరిగా ఉంటే గొడ్డూ గోదాతో, రాయీ రప్పతో కలిసి 'అది వచ్చింది'. మహత్తుల్లో చేరాలంటే ఆమె బహువచనం కావాలి.

మన స్త్రీవాద మిత్రులు మరోవైపు నుంచి సలహా ఇస్తారు. ఈ మతగ్రంథాల వ్యాకరణం నీకెందుకు, మొత్తం వదిలెయ్యరాదా అని. మనుస్మృతిని చదవకుండానే విమర్శించమని మీకెవరైనా చెప్పారా? నేను వదిలినా నా నిఖానామా నన్ను వదలదు. ఈజిప్టులో ఆయిషా అబ్దుర్రహ్మాన్ (1913-1998) తండ్రి బడికి వద్దన్నా చదువుకుంది, బింతుష్షాతి అనే పేరుతో రాసింది, అరబ్బీ భాషాసాహిత్యాల బలంతోనే ఖురాన్‌కి వ్యాఖ్యానం రాసింది. ఆమె చెప్పిన అన్నిటితో నాకు ఏకీభావం లేదు. కానీ ఆమెని 'నీకు ఏరాబ్ రాదు, పక్కన కూర్చో' అనగలిగినవాడు ఉండడు. అమీనా వదూద్ 1992లో 'ఖురాన్ అండ్ ఉమన్' తెచ్చినప్పుడు పదాల లింగం దగ్గర్నుంచే మొదలుపెట్టి వాదించింది. తాళం చెవి చేతిలో లేకుండా తలుపు మీద తిట్లు రాయడం నాకు చాతకాదు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో అయిదారుగురం ఆడవాళ్లం కూర్చుంటున్నాం. వచ్చినంతలో నేనే చెబుతున్నాను, తప్పులు కూడా చెబుతుంటాను. మొన్న 229వ ఆయత్ తీశాం. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని మర్రతాన్ దగ్గర ఆగింది. రెండుసార్లని ఆ 'ఆని' చెబుతోందని చెప్పాను. మళ్లీ చదివింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వేలితో పక్క మాట చూపించి, 'ఇక్కడ రెండు పేషులున్నాయే, ఇదెందుకు?' అంది.