గజ్జెలూ సెన్సర్లూ

ఫహాహీల్, కువైట్



నాట్యం, సంగీతం నేర్చుకుంటున్న బంగారు మనవరాలా, నువ్వు పంపిన గాయని ఇమోజెన్ హీప్ వార్త చదివాను. మిము అనే సెన్సర్ల చేతి తొడుగులు వేసుకుని, చేయి తిప్పితే పాట తీరే మారిపోతోందట. ముచ్చటేసింది తల్లీ. అయితే ఇలాంటి వార్తలన్నిటిలోనూ నాకొక వెలితి కనిపిస్తుంది. పరికరం ఎలా పనిచేస్తుందో శ్రద్ధగా రాస్తారు, దాన్ని వేసుకున్న మనిషి ఎంత సాధన చేసిందో రాయరు. అసలు కథ అక్కడే ఉందమ్మా. ఆమ్‌స్టర్‌డామ్‌లో మిషెల్ వైస్విస్ 1984లో రెండు చేతులకూ తొడుక్కునే ‘ది హ్యాండ్స్’ అనే వాద్యంతో వేదికెక్కాడు. కొన్నాళ్లకు ఇక దానికి మార్పులు చేయడం ఆపి, వాయించడం మీదే మనసు పెట్టాడు. లెటీషియా సొనామి 1991లో వంటింటి రబ్బరు తొడుగులకు సెన్సర్లూ అయస్కాంతమూ అతికించి మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఆ దారిలోనే కచేరీలు చేసింది. కొత్త వస్తువు వచ్చిన రోజున పరుగెత్తుకెళ్లిన పత్రికలు, ఆ చేతులు పండాక కూడా అంత ఆత్రంగా వెళ్లి ఉంటే ఎంత బాగుండేది!

1997లో ఎమ్ఐటీలో జోసెఫ్ పారడిసో బృందం నర్తకి బూటులో సెన్సర్లు అమర్చి, పాదం ఒత్తిడినీ వంపునూ సంగీతంగా మార్చింది. మన గజ్జెలు చేసేదీ అదే కదా తల్లీ. కూచిపూడిలో గజ్జెపూజ చేసి, గురువు ఆశీర్వదించాకే కాలికి కట్టుకుంటాం. అడుగు తడబడితే మువ్వ దాచిపెట్టదు, సభంతా వినిపించేస్తుంది. మనం ఉంటున్న ఈ దేశంలోనూ అలాంటిది ఒకటి ఉంది. ఇక్కడి తంబూరా, మన శ్రుతి తంబూరా కాదు, ఆరు తీగల వాద్యం. దాన్ని వాయించే బృందంలో ఒకాయన మేక గిట్టలు వరసగా కుట్టిన పట్టీ నడుముకు కట్టుకుని ఆడతాడు. దాన్ని మంజూర్ అంటారు. నడుము కదిలితే గిట్టలు ఒకదానికొకటి తగిలి తాళం పలుకుతాయి. ఇక్కడ పెరుగుతూ మంజూర్ చప్పుడు వినకుండా ఉండిపోకు.

నాకు బెంగగా ఉన్నది ఒక్కటే. పాదాన్ని చూసి రాసే రాత సన్నగిల్లిపోతోంది. మన తెలుగు సభల వార్తల్లో ముఖ్య అతిథుల పేర్లూ శాలువాలూ ఉంటాయి, జతి ఎలా నడిచిందో ఉండదు. ఆ వార్తలు రాసింది మా తరమే. చూసింది చూసినట్టు రాయడం మీకు మేం నేర్పలేదు.

నిండు నూరేళ్లు ఆడుతూ పాడుతూ ఉండు తల్లీ. సెన్సర్ కట్టుకుని ఆడాలనిపిస్తే నిక్షేపంగా ఆడు. సాధనలో ఏం కుదిరిందో, ఏం కుదరలేదో రోజూ ఒక పుస్తకంలో రాసుకో. విలేకరి ఎవరైనా వస్తే పరికరం కన్నా ముందు ఆ పుస్తకం చూపించు. రేపు నువ్వే కలం పడితే, ఒక్కసారి చూసి వదిలేయకుండా రెండేళ్లకు మళ్లీ వెళ్లి చూసి రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య