కెమెరా కొనకండి మహాప్రభో!

యూనియన్ నిధుల్లోంచి ఫొటోగ్రఫీ క్లబ్బుకి ఖరీదైన డిజిటల్ కెమెరా ఒకటి కొనాలన్న ప్రతిపాదన వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం వద్దంటున్నాను. ఫొటోగ్రఫీ గిట్టక కాదు, గిట్టుతుంది కనకనే.

కెమెరా వస్తే ఏమవుతుంది? బీరువాలో కూచుంటుంది. తాళం చెవి కార్యదర్శి దగ్గర. వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథి మెళ్ళో దండ పడే వేళకి బయటికొచ్చి, మర్నాడు మళ్ళీ బీరువా చేరుతుంది. క్లబ్బులో ఉన్న ఇంతమందికీ అది ఏడాదికి ఎన్నిసార్లు అందుతుంది? అయినా కెమెరా కరువెక్కడుంది? ప్రతివాడి జేబులోనూ ఫోనుంది. కరువల్లా తీసిన బొమ్మతో ఏం చెయ్యాలో నేర్చుకునే చోటుకే.

ఫిల్ము రోజుల్లో ఆ చోటు పేరు డార్క్ రూం. ఎర్రదీపం, హైపో వాసన, ట్రేలో కాగితం మీద మెల్లగా తేలే ముఖం. ఔత్సాహికుడు తన తప్పులు తను చూసుకున్నది అక్కడే. నేటి డార్క్ రూం కంప్యూటరు. అందులో వాడే సరంజామా, నమ్మండి, ఉచితం! గింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రాముని 1995లో మొదలుపెట్టింది ఏ పెద్ద కంపెనీయో కాదు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్. 1996లో దాన్ని జనానికి వదిలారు. డార్క్‌టేబుల్, రాథెరపీ అనేవీ ఉచితమే. ఇవన్నీ ఉండగా మనవాళ్ళు దొంగ కాపీ ఫొటోషాప్ కోసం ఊరంతా గాలిస్తారు. విద్యార్థులు చేసిపెట్టిన దానిమీద విద్యార్థులకే చిన్నచూపు!

ఈ చివరి రెండూ 'రా' ఫైళ్ళని వండడానికి. పచ్చి ఫైలు అనుకోండి. మామూలు జేపెగ్ బొమ్మలో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి; 14 బిట్ల రా ఫైలులో 16,384. ఎండలో వేపచెట్టు కింద స్నేహితుణ్ణి తీస్తే ముఖం నల్లగా వస్తుంది కదా, ఆ నలుపులో దాగిన కళ్ళని పచ్చి ఫైల్లోంచి చాలావరకు పైకి లాగొచ్చు. తెల్లగా మాడిపోయిన ఆకాశాన్ని మాత్రం ఎవడూ వెనక్కి తేలేడు. అందుకే తీసేటప్పుడు హిస్టోగ్రాం చూడడం అలవాటు చేసుకోవాలి. గ్రాఫు కుడి అంచుకి గుద్దుకుంటే వెలుగు తగ్గించాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఓపెన్ కెమెరా అనే ఉచిత ప్రోగ్రాముతో, ఫోను సహకరిస్తే, రా ఫైలు తియ్యొచ్చు. ముఖం మీద నీడ తగ్గించాలంటే తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకోండి, చాలు.

ఇక దాచుకోవడం. నాకు కడుపు మండేది ఇక్కడే. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1905లో పోయాడు. ఆయన గాజు నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ ఉన్నాయి. మన కాలేజీ నిరుటి నాటకోత్సవం ఫొటోలో? తీసినవాడు ఫోను మార్చాడు, అవి పోయాయి. మిగిలినవల్లా వాట్సాప్‌లో చేతులు మారి మారి చిక్కిపోయిన బొమ్మలు, అచ్చుకి పనికిరావు. అదే ఫొటోని డాక్యుమెంటుగా పంపి ఉంటే అసలుది అసలుగానే అందేది. ఇంత చిన్న సంగతి చెప్పే నాథుడు లేకపోయాడు.

కాబట్టి నా లెక్క ఇది. రంగులు నిజంగా చూపించే మానిటరుతో ఒక కంప్యూటరు. రెండు హార్డ్ డిస్కులు, ఒకటి క్లబ్బు గదిలో, దాని నకలు వేరే భవనంలో. ఒక గట్టి ట్రైపాడ్. మిగిలిన డబ్బుతో నెలకి పది బొమ్మలు పెద్దవిగా ప్రింటు వేయించి క్యాంటీను వరండాలో తగిలించండి. టీ తాగుతూ నలుగురు తిట్టినా బొమ్మకి మంచిదే.

పక్షుల్ని, క్రికెట్‌ని ఫోనుతో ఏం తీస్తామని మిత్రులు అడుగుతారు. న్యాయమైన మాటే. దూరపు లెన్సు చేసే పని ఫోను చెయ్యలేదు. అందుకు సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత డీఎస్ఎల్ఆర్, ఒక టెలీ లెన్సు కొనండి, కాదనను. కాని దాన్ని బీరువాలో పెట్టకండి. లైబ్రరీలో పుస్తకం ఇచ్చినట్టే, సంతకం పెట్టించుకుని మూడు రోజులకి ఇవ్వండి. తిరిగి తేని వాడికి హాల్ టిక్కెట్టు ఆపండి, నేను అడ్డు రాను.