అమ్మదలచిన యిల్లు

పద్మారావు నగరమునుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ నెల మా ముందున్నది. తండ్రిగారు స్వార్జితముతో కట్టించిన యిల్లు అది. ఆయన వీలునామా వ్రాయకయే గతించినారు. ఇప్పు డా యింట తల్లిగా రొక్కరే యున్నారు. అన్నదమ్ము లిరువురును విదేశములందు స్థిరపడినారు. ఇల్లు అమ్ముటకు అందరును నిశ్చయించినారు. మధ్యవర్తి వచ్చి చూచి మూడు మాటలు చెప్పెనట: ఉత్తరపు గదిలో చెమ్మ పట్టిన గోడకు మంచి రంగు పూయవలెను, పాత సామానంతయు తీసివేయవలెను, బేరము తేలువరకు పెద్దమ్మగారిని ఎచ్చటికైన పంపవలెను, ఆమె మంచము నడిమి గదిలో నుండగా ఇల్లు పాతదిగా కనబడును. “వీనిలో చేయదగిన దేది, చేయరాని దేది?” యని సోదరి యడుగుచున్నది. ఇది పెక్కు కుటుంబముల ప్రశ్న గాన అందరికిని ఉపయోగించునట్లు ఇచ్చట సమాధాన మిచ్చుచున్నాము.

పద్మారావు మొదలియారుగారి పేర వెలసిన యా పేటను ఎరుగని సికింద్రాబాదు వాసులు లేరు. స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామి యాలయ మచ్చటనే యున్నది. రైలుస్టేషనును, ముషీరాబాదులోని గాంధీ వైద్యశాలయును దగ్గరనే యుండుటచే అచ్చటి స్థలమునకు గిరాకి మెండు. ముందు వసారా, వెనుక పెరడు గల పాత యిండ్లు ఒకటొకటిగా తొలగిపోయి వాని చోట అంతస్తుల భవనములు లేచుచున్నవి. పిల్లలు దూరదేశముల కేగగా పెద్దవారే కావలియున్న యిండ్లు అచ్చట కలవు. వానిని అమ్మవలసిన దినమును ఎప్పుడో యొకప్పుడు వచ్చును.

చూడవచ్చువారికొరకు ఇంటిని సవరించుట తప్పుగాదు. అమెరికాలో 1970వ దశకమునుండి ఇది యొక వృత్తియే యైనది. సియాటిలు ప్రాంతమున బార్బు ష్వార్జు అను నామె దీనికి “స్టేజింగు” అను పేరు పెట్టి వ్యాపింపజేసినది. నాటకరంగమును అమర్చినట్లు ఇంటిని అమర్చుట యని భావము. మన గృహిణికి ఇది క్రొత్త విద్య గాదు. సంక్రాంతికి ముందు గోడలకు సున్నము కొట్టించి, అటకమీది సామాను దింపి దులిపి, గడపకు పసుపు కుంకుమ పెట్టి, వాకిట ముగ్గు తీర్చు నామెకు ఈ పని యొకరు నేర్పవలెనా? అయితే పండుగనాడు వచ్చు చుట్టములకు మన మేమియు అమ్ముట లేదు. అమ్మునప్పుడు శుభ్రపరచుటకును మరుగుపరచుటకును నడుమ నొక గీటు కలదు. మధ్యవర్తి చెప్పిన మూడు మాటలను ఆ గీటుతో కొలిచి చూతము.

అంతకుముందు, కొనువా రెవరో ఊహించుకొనవలెను. ఇంటిని పడగొట్టి వాటాల యిండ్లు కట్టదలచినవాడు గోడల రంగు చూడడు. స్థలము ఎన్ని గజములు, హద్దు లెట్లున్నవి, ముందు వీథి వెడల్పెంత, పత్రములు సరిగా నున్నవా యని మాత్రమే చూచును. అట్టివానికొరకు లక్షలు పోసి రంగులు వేయుట నీళ్ళలో పోయుటయే. ఆ సొమ్ముతో స్థలము కొలిపించి, దస్తావేజులోని కొలతతో సరిచూచుకొనుట మేలు. కాపురముండుటకు కొనువాడు వేరు. వాడు భార్యతో, తల్లితో వచ్చును. వారు వంటయింటిలో నిలిచి చూతురు. కుళాయి త్రిప్పి చూతురు. సంపునకు నీరు వారమున కెన్నిమారులు వచ్చునని యడుగుదురు. ఈ క్రింది మాటలు అట్టివారిని ఉద్దేశించినవి.

చూపునకంటె ముందు వాసన పలుకరించును. మూసియుంచిన గదులు, కలరా ఉండలు పెట్టిన పెట్టెలు, నూనె పట్టిన వంటయింటి గూడు, ఇవి ఇంటివారికి తెలియవు. క్రొత్తవారికి వాకిటనే తెలియును. కావున పదిదినములు ముందుగా కిటికీలన్నియు తెరచి గాలి యాడనిండు. అగరువత్తుల పొగతో వాసన కప్పరాదు. అది యేదో దాచుచున్నారను శంక పుట్టించును. షాబాదు బండల నేలను సబ్బునీటితో తోమి ఆరనిచ్చిన చాలును. మైనపు మెరుగులు వలదు, పెద్దలు జారిపడుదురు. మూలుగు తలుపులకు నూనె వేయుడు, కారు కుళాయిలకు వాషర్లు మార్పించుడు, వెలుగని దీపములు మార్చుడు. ఇవి స్వల్పవ్యయములు, వీనివలన “ఈ యింటిని ఎవరో కనిపెట్టుచున్నారు” అను నమ్మకము కలుగును. వాస్తు పేరు చెప్పి అమ్మబోవు ఇంటి గోడలు పగులగొట్టవలదు. ఒక్కొక్కరి సిద్ధాంతి యొక్కొక్క విధముగా చెప్పును. మార్చుకొనువారు కొన్న పిదప మార్చుకొందురు.

ఇక చెమ్మ గోడ. దానికి రంగు పూయుట పుండుపై పట్టుబట్ట కప్పుట వంటిది. చెమ్మ యెచ్చటినుండి వచ్చుచున్నదో మొదట కనుగొనవలెను. మచ్చ పైకప్పు దగ్గర పుట్టి వానలలో పెరిగినచో దోషము డాబాలో నుండును: వాలు చెడి నీరు నిలుచుటయో, తూము ఆకులతో పూడుటయో, పిట్టగోడ మొదట బీటలు వారుటయో కారణము. స్నానాల గది ప్రక్క గోడ యేడాది పొడుగునను తడిగా నున్నచో గొట్టము కారుచున్నదని యనుమానింపవలెను. గోడ అడుగున తెల్లని ఉప్పు పూసి, మోకాటియెత్తు వరకు పొర రాలుచున్నచో నేలచెమ్మ పైకెక్కుచున్నది. కారణమును తొలగించి, గోడను బాగుగ ఆరనిచ్చి, ఆపైననే పూత వేయవలెను. సున్నపు గారతో కట్టిన పాత గోడలకు సిమెంటు పూతగాని నూనె రంగుగాని వేసినచో లోని తడి బయటకు పోలేక గోడను తినివేయును. వానికి సున్నమే తగినది.

ఈ పనికి మన పంచాంగమే సహాయము. వైశాఖ జ్యేష్ఠముల యెండలలో మరమ్మతు చేయించిన గోడ ఆరును. ఆషాఢము శూన్యమాసము గాన కొనువారు సాధారణముగా రారు. అప్పటి వానలు మన మరమ్మతును పరీక్షించును. నిలిచినచో శ్రావణమున ధైర్యముగా తలుపు తెరువవచ్చును.

నిలువకున్నచో? అప్పుడు చెప్పవలెను. ఇది నీతి మాత్రమే గాదు, శాసనము కూడ. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, సామాన్యమైన జాగ్రత్తతో చూచినను కనబడని ముఖ్యలోపమును అమ్మువాడు వెల్లడింపవలెను. ఇంటిలోని లోపమే గాక హక్కులోని లోపమును అట్లే చెప్పవలెను. చెప్పకుండుట మోసమని ఆ సెక్షనే పలుకుచున్నది. కనబడు మచ్చను కనబడకుండ చేయుట ఇంకను ఎట్టిదో చదువరులే యోచింతురు గాక. చెప్పినందువలన ధర కొంత తగ్గునేమో. మరమ్మతునకు మేస్త్రీ వేసిన అంచనా చీటిని ప్రక్కన పెట్టి చెప్పినచో ఆ తగ్గుదల చీటిలోని మొత్తమును మించుటకు కారణ ముండదు. దాచినచో కొనువాడు తొలి వానకే కనుగొనును. ఆపైన మన మేది చెప్పినను నమ్మడు.

రెండవ మాట పాత సామాను. దీనిలో మధ్యవర్తి చెప్పినది చాలవరకు సరియే. నిండిన గది చిన్నదిగా తోచును. కాని ఒక్క దినమున తీసివేయబూనినచో అమూల్యములైనవి చెత్తలో పోవును. సామానును నాలుగు కుప్పలు చేయుడు: ఉంచుకొనునవి, పంచి యిచ్చునవి, అమ్మునవి, పారవేయునవి. కాగితమును మాత్రము చదువక పారవేయవలదు. పాత పంచాంగములో మడిచియున్న రసీదే రేపు హక్కునకు సాక్ష్యము కావచ్చును. ఇత్తడి బిందెలు, రాగి కాగులు తూకమునకు వేయుటకు ముందు ఇంటి ఆడపడుచుల నడుగుడు. నగలను బ్యాంకులో భద్రపరచుడు. బ్యాంకు పుస్తకములు, మందులు, ఉత్తరములు బీరువాలో పెట్టి తాళము వేయుడు. చూడవచ్చువారు ఎంత మంచివారైనను అపరిచితులే. ఒంటరిగా నున్న స్త్రీ ఇల్లు చూపునప్పుడు తోడుగా మరియొకరు తప్పక యుండవలెను. పూర్వుల పటములు గోడనిండ నుండనక్కరలేదు. దేవుని గది మాత్రము కదలింపవలదు. దీపము వెలుగు గదిని చూచి ఇల్లు పాతదను తెలుగు గృహిణి యుండదు.

మూడవ మాటకు మాకు కోపము వచ్చినమాట నిజము. తల్లిగారు సామాను గారు. ఆ యింట ఏ కిటికీనుండి వేసవిగాలి వచ్చునో, ఏ తూము ఏ నెలలో పూడునో, బావి యెప్పు డెండినదో చెప్పగలవా రామె యొక్కరే. అట్టి సాక్షి నోట విన్న మాట రంగుపూతకంటె కొనువారికి నమ్మకము కలిగించును.

ఇంతేగాదు. ఆమె ఆ యింట కాపురమున్న వ్యక్తి మాత్రమే గాదు, హక్కుదారు కూడ. ఒకప్పుడు, 1937వ సంవత్సరపు చట్టము వితంతువునకు పరిమితాధికారమునే యొసంగెను. జీవితకాలము అనుభవింపవచ్చునుగాని స్వేచ్ఛగా అమ్మరాదు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము స్త్రీకి సంపూర్ణాధికార మిచ్చెను. దాని ప్రకారము వీలునామా లేక గతించిన పురుషుని స్వార్జితమున భార్యకును, ప్రతి కుమారునకును, ప్రతి కుమార్తెకును సమభాగము. ఆయన తల్లి జీవించియున్నచో ఆమెకును ఒకటి. ఈ కుటుంబమున నాయనమ్మగారు లేరని సోదరి వ్రాసినది గాన భాగములు నాలుగు: తల్లిగారి దొకటి, కుమారులవి రెండు, జాబు వ్రాసిన సోదరి దొకటి. వీరందరి సంతకములు లేక ఇల్లంతయు అమ్ముడుపోదు. విదేశములందున్న సోదరులు తాము రానిచో అచ్చటి భారత రాయబార కార్యాలయమున ధ్రువపరచిన అధికారపత్రము పంపవచ్చును. అది మన దేశమునకు చేరిన మూడు నెలలలో దానికి స్టాంపు వేయించవలెను. ఇల్లు చూపువేళ ఎవరిని దాచవలెనని మధ్యవర్తి చెప్పెనో, రిజిస్ట్రారు కచేరిలో ఆమెయే ముందుగా కూర్చుండవలసిన వ్యక్తి.

కావున బయానా పుచ్చుకొనుటకు ముందే మూడు సంగతులు తేల్చుకొనుడు. ఇల్లు ఖాళీచేసిన మరునాడు తల్లిగారు ఎచ్చట నుందురు? అది ఆమె కోరిన చోటేనా? ఆమె భాగపు సొమ్ము ఆమె పేరనే, ఆమె ఖాతాలోనే పడునా? వీనికి సమాధానములు కాగితముపై వ్రాసికొనుడు. మూలదస్తావేజు, రుణభారములు లేవని తెలుపు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, తండ్రిగారి మరణ ధ్రువపత్రము, వారసుల ధ్రువపత్రము, ఇంటిపన్ను, నీటి, విద్యుత్తు రసీదులు ఒక సంచిలో చేర్చుడు. ఆ సంచియే ఇంటికి అన్నిటికంటె మంచి యలంకారము.

సోదరీ, గోడను బాగుచేయించుము, బాగుపడనిచో చెప్పుము. సామాను తగ్గించుము, కాగితములు చదువుము. తల్లిగారి మంచము ఎచ్చట నుండవలెనో ఆమెనే యడుగుము. వసారాలో గాలి తగులుచోట వేయుమని ఆమె యన్నచో అట్లే వేయించి, చూడవచ్చినవారిని ముందుగా ఆమెయొద్దకే తీసికొనిపొమ్ము.