పక్కోడి పొజిషన్ చూసి…

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకి బస్సులో పోతున్నాం. దారంతా మా పిన్ని కొడుకు ఫోన్ నా మొహం ముందే ఉంది. "అన్నా, ఈ వాలెట్ బిట్‌కాయిన్ లాంగ్ కొట్టింది. మనమూ కొడదామా?"

హైపర్‌లిక్విడ్‌లో ట్రేడ్లన్నీ బ్లాక్‌చెయిన్ మీదే. ఎవరు ఎంత లీవరేజ్‌తో ఏ ధరకి కొన్నారో, ఎక్కడ లిక్విడేట్ అవుతారో ఎవరైనా చూడొచ్చు. ఆ డేటా లాగి, బాగా సంపాదించిన వాలెట్లకి ర్యాంకులిచ్చే టూల్స్ బోలెడు. నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు.

తేడా కొట్టింది ఆ ర్యాంకుల దగ్గరే. వెయ్యి మంది నాణెం ఎగరేస్తే, వరసగా ఐదుసార్లు బొమ్మ పడేవాళ్లు ముప్పై మంది దాకా ఉంటారు. లిస్టులో పైనున్నది వాళ్లు కాదని ఎలా తెలుస్తుంది? పైగా ఇక్కడ లాంగ్ పెట్టినోడు వేరే ఎక్స్‌ఛేంజ్‌లో షార్ట్ పెట్టుంటే? టూల్‌కి అది కనిపించదు.

వాడికి జేమ్స్ విన్ కథ చెప్పా. 2025 మేలో 40 రెట్ల లీవరేజ్‌తో, వంద కోట్ల డాలర్లు దాటిన బిట్‌కాయిన్ లాంగ్. లోకమంతా లైవ్‌లో చూసింది. ఆ నెలాఖరుకే లిక్విడేషన్లూ చూసింది. 40 రెట్లంటే ధర రెండున్నర శాతం ఎదురు తిరిగేలోపే మార్జిన్ గోవిందా.

"నువ్వెంత పెట్టావ్‌రా?"

కిటికీలోంచి బయటికి చూశాడు. "కాలేజీ ఫీజన్నా. సగం పోయింది."

దిగేలోపు మిగతా సగం నా ఎదుటే కాలేజీకి కట్టించా. పోయిన సగం సంగతి రాత్రి భోజనాలయ్యాక చిన్నాయనకి ఇద్దరం కలిసే చెప్పాం. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది నన్నే: "ఇంజినీరువి కదా, నీకు ముందే తెలీదా?"